ఊరి మీద బెంగ ఎవరిది?

1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా జైలు నుంచి బయటికొచ్చాడు. ఆ నెలలోనే గద్దర్ అజ్ఞాతం వీడి హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో పాడాడు. కారంచేడు మీద గొంతెత్తిన 1985లోనే ఆయన అజ్ఞాతంలోకి పోయాడు. ఈ రెండు పోరాటాల పాటల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని మా ప్రయత్నం.

1960లో మిరియం మకేబా పాస్‌పోర్టు రద్దయింది. తల్లి అంత్యక్రియలకు కూడా పోలేకపోయింది. మళ్లీ స్వదేశంలో అడుగుపెట్టింది 1990లోనే. ఆ ప్రవాసుల పాటల్లోని బెంగ ఉత్త ఏడుపు కాదు. 1913 భూమి చట్టం నల్లవాళ్లకు వదిలింది సుమారు 7 శాతం నేల. 'మా ఇల్లు' అని పాడటమంటే పోయిన నేలను తిరిగి అడగటమే.

మరి మన పాట? గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' 2002లో 'కుబుసం' సినిమాతో ఇంటింటికీ చేరింది. వృత్తులు కూలితే ముందు పస్తులుండేది మనవాళ్లే, కాబట్టి ఆ దుఃఖం అబద్ధం కాదు. కానీ ఊరంతా ఒక్కటై ఏడుస్తున్నట్టు వినిపించే చోట మేం ఆగుతున్నాం. వాడ ఎప్పుడు ఊరిలో భాగమైంది?

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాలకు పోయి శిబిరం వేసుకున్నారు. కొద్ది మైళ్ల దూరమే, అయినా అది ప్రవాసమే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపితే జనం తెనాలికి పోయారు. ఊరి మీద మోజు పెంచుకోవద్దని అంబేడ్కర్ 1948లోనే రాజ్యాంగ సభలో హెచ్చరించాడు.

2023 ఆగస్టు 6న గద్దర్ అమీర్‌పేటలోని ఆసుపత్రిలో కన్నుమూశాడు. అదే అమీర్‌పేట హాస్టళ్లలో కోచింగు కోసం వచ్చిన మన పిల్లలు సెల్‌ఫోన్లో పల్లె పాటలు వింటుంటారు. పంజాగుట్ట గల్లీలో గది అడిగితే "మీరేమిట్లు?" అనే ప్రశ్న ఎదురైనవాళ్లు మాలో ఉన్నారు. ఊరు బయట పెట్టింది, పట్నం లోపలికి రానివ్వట్లేదు. ఆ పిల్లలు బెంగ పెట్టుకునేది అమ్మ మీద, వాడ మీద, డప్పు మీద. ఊరి పెత్తనం మీద కాదు.

ఈ తేడా తెలిసిన పాట కావాలంటున్నాం. ఎన్నడూ మనకివ్వని నేలను, ఇంటిని, మర్యాదను అడిగే పాట. పాత ఊరికి తిరిగి పొమ్మనే పాట మనకొద్దు.