ఎవరి అలవాటు, ఎవరి సద్గుణం?

క్రైస్తవ నీతిబోధలో సద్గుణమంటే ఒకనాటి ఆవేశం కాదు, రోజూ చేసి చేసి ఒంటబట్టించుకునే అలవాటు అంటారు. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూనే మనిషి న్యాయవంతుడౌతాడన్న అరిస్టాటిల్ వాదాన్ని 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ క్రైస్తవ చింతనలో నిలబెట్టాడు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ మాత్రం సాధనతో రావనీ, దేవుడిచ్చేవేననీ చెప్పాడు. దీంతో మాకు పేచీ లేదు. గాని మనిషి తాను ఎంచుకోకముందే కులం అతనికి నేర్పిన అలవాట్ల మాటేమిటి? దొర కనబడితే చెప్పులు చేతబట్టుకోవడం, దూరంగా నిలబడి దోసిట్లో నీళ్లు పోయించుకోవడం తరతరాల అభ్యాసమే. దాన్ని వినయమందామా?

ఒంగోలు చరిత్ర ఈ ప్రశ్నకు కొంత జవాబు చెప్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మిషనరీకి ఇవి క్రమశిక్షణ. ఊరికి మాత్రం ధిక్కారం. పిలిచినప్పుడు పనికి రాకపోతే వెట్టి తెగుతుంది, జాతరలో డప్పు కొట్టకపోతే కులధర్మం తెగుతుంది. అందుకే ఊరి పెద్దలు వేధించారు. వారం వారం చేసిన ఆ నిరాకరణే మనవాళ్ల మొదటి సద్గుణమని మేమంటాం. అయితే ఇందులో రెండో అంచూ ఉంది. తిండి మీద పెట్టిన నియమం, తోటి మాదిగను చూసి ముక్కు మూసుకునే అగ్రవర్ణ శుచిగా మారితే, అది మళ్లీ కులం అలవాటే.

అట్లాంటి పల్లెల మునిమనవలు ఇవాళ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కు చదువుతున్నారు. చాలీచాలని తిండితో పొద్దుట్నుంచి రాత్రిదాకా పుస్తకం ముందు కూర్చోవడం కూడా సాధనే. వాళ్లలో క్రైస్తవులకు అప్లికేషన్ ఫారం దగ్గర అసలు పరీక్ష ఎదురౌతుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం చెప్పుకుంటే 15 శాతం ఎస్సీ కోటా పోయి, ఒక్క శాతం బీసీ-సి మిగులుతుంది. పల్లెలో మాత్రం బాప్తిస్మం తర్వాత కూడా అదే వాడ, అదే పేరు.

కొందరికి ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు. దీన్ని పట్టుకొని వాళ్ల సత్యసంధతను నిలదీసే నీతివాదులున్నారు. బలవంతం లేకుండా ఎంచుకున్న పనినే సద్గుణమంటామని వాళ్ల సిద్ధాంతమే చెప్తుంది. నిజానికి రాజ్యం ఇంత వెల కట్టినచోట తప్పంతా కుర్రాడి శీలానిదేనా? మూడో పేరా తీసేయమని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది.

సత్యం పలకమని నారాయణగూడలో బోధించేవాళ్లు, సత్యం పలికితే శిక్షించే చట్టం మీద కూడా నోరు విప్పాలి. ఓర్పు మనకు ఎప్పుడో అలవాటైంది. సంఘం ఇకనైనా ధైర్యాన్ని అలవాటు చేయించాలి.