ఏడు సాళ్లకు ఒక సాలు

కృష్ణా జిల్లా అంటే బయటివాళ్లకు గుర్తొచ్చేది కాలవ గట్టు, వరిచేను, కొబ్బరిచెట్టు. ఆ బొమ్మలో నందిగామ, జగ్గయ్యపేట ఉండవు. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని దిగువ ఊళ్లకు నీళ్లు పారాయి. ఎగువన, హైదరాబాదు దారిలో ఉన్న ఈ మెట్ట ఊళ్లు, మునేరు మీద పోలంపల్లి ఆనకట్ట కింది కొన్ని పొలాలు తప్ప, మరో వందేళ్లు పైగా వాననే నమ్ముకున్నాయి. పక్కనే కృష్ణ పారుతుంది. మునేరు, పాలేరు వచ్చి అందులో కలుస్తాయి. పొలం మాత్రం మబ్బుకేసి చూస్తూ ఉండేది.

ఆ వందేళ్లలో ఇక్కడి కుటుంబాలు ఒక పనితనం అలవరచుకున్నాయి. కొత్త పంట వస్తే పాతదాన్ని పీకేసి దాని చోట పెట్టడం వీళ్లకు నచ్చదు. పాతదాని పక్కన ఒక సాలు చోటు చూసి కుదురుస్తారు. అది నిలబడితే మరుసటి ఏడాది సాళ్లు పెంచుతారు. తాత జొన్న, కంది వేశాడు, కొడుకు పత్తి, మిరప తెచ్చాడు, మనవడు సుబాబుల్ నాటాడు. మూడు తరాల్లో పొలం రూపం గుర్తుపట్టలేనంతగా మారినా ఈ కుదుర్చుకునే తీరు మారలేదు. 2022లో ఈ ప్రాంతం కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది గానీ సేద్యం తెలిసినవాళ్లు దీన్ని ఇంకా ‘కృష్ణా మెట్ట’ అనే అంటారు. ఇక్కడి చేతిపనిని దగ్గరగా చూడాలంటే విత్తనం వేసే గొర్రు దగ్గర మొదలుపెట్టాలి.

అడ్డంగా ఒక కొయ్య దిండు, దానికి కిందికి దిగిన పళ్లు, ఒక్కో పంటి వెనక ఒక వెదురు గొట్టం. గొట్టాలన్నీ పైన జడ్డిగం అనే కొయ్య గిన్నె అడుగున ఉన్న బెజ్జాలకు చేరతాయి. ఒకరు అరక తోలుతుంటే మరొకరు, చాలా ఇళ్లలో ఆడమనిషి, పక్కన నడుస్తూ గుప్పిట్లోంచి గింజలు వదులుతారు. చూడ్డానికి తేలిక పని. నిజానికి ఎద్దుల నడక, గుప్పిట వదులు, బెజ్జాల పంపకం ఒక్క లయలో సాగాలి. చెయ్యి బిగిస్తే సాలులో బోసి పడుతుంది. వదిలేస్తే మొక్కలు గుంపుగా మొలిచి ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆ తప్పు వారంలో బయటపడి, పంట ఇంటికొచ్చేదాకా దారిన పోయే ప్రతివాడికీ కనిపిస్తూనే ఉంటుంది. నల్లరేగడిలో పదును చూడటం ఇంకా పెద్ద విద్య. వాన వెలిసిన వెంటనే దిగితే మట్టి పళ్లకు పట్టేస్తుంది. రెండు రోజులు ఆలస్యమైతే పైపొర ఆరిపోయి గింజ తడిని అందుకోలేదు.

అసలు నేర్పు కంది సాలులో ఉంది. గొర్రు వెనక తాడుతో కట్టిన విడి గొట్టంలోంచి కంది గింజలు వేరుగా పడతాయి. ఏడు సాళ్ల పెసరకు ఒక సాలు కంది అన్నది ఈనాడు శాస్త్రవేత్తలు కూడా చెప్పే లెక్క. కంది మొదటి రెండు నెలలు నిదానంగా పెరుగుతుంది, పక్కవాళ్ల జోలికి పోదు. ఆ లోగా పెసర రెండు నెలల పైచిలుకులో పూర్తయి ఇంటికొస్తుంది, దాని కట్టె, ఆకు మట్టిలో కలుస్తాయి. చోటు ఖాళీ అయ్యాక కంది కొమ్మలు చాపుతుంది. దాని వేరు లోతుకు దిగి, పెసర ముట్టుకోని తడిని తాగుతుంది. వానలు ముందే ఆగితే పెసర దక్కుతుంది, ఆలస్యంగా కురిస్తే కంది దక్కుతుంది. ఒకే నేల, ఒకే వాన, రెండు వేర్వేరు గడువులు. ఇంతకంటే పొదుపైన పథకం కాగితం మీద గీయడం కష్టం.

భూమి పంపకంలోనూ ఇదే ఆలోచన. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఒకరికి రేగడి, ఒకరికి చెలక అని తేల్చేయరు. ప్రతి చెక్కలోనూ వాటాలు వేసుకుంటారు. దాంతో ఒక్కో ఇంటి భూమి మునేటి ఒడ్డున కొంత, ఎర్రచెలకలో కొంత, రాళ్ల దిబ్బ మీద కొంత చెదిరి ఉంటుంది. ట్రాక్టరుకు ఇది తలనొప్పి, గట్లకింద నేల వృథా. కానీ 2023 జులైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చినప్పుడు, 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు, పాలేరు మళ్లీ విరుచుకుపడ్డప్పుడు, ఏటి ఒడ్డు చేను మునిగినా మెరక చెలకలో ఏదో ఒకటి మిగిలిన ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకోగలిగింది. చెదిరిన భూమి చెడ్డ లెక్కే. చెడ్డ ఏడాదికి మాత్రం అది మంచి లెక్క.

ఈ సేద్యానికి పెద్ద మలుపు నాగార్జునసాగర్. జగ్గయ్యపేట పక్కనే ఉన్న ముక్త్యాల జమీందారు, అందరూ ముక్త్యాల రాజా అని పిలిచే వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్, నందికొండ దగ్గరే ఆనకట్ట కట్టాలని పట్టుపట్టి తిరిగినవాళ్లలో ముందుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలవ నల్గొండ, ఖమ్మం దాటి వచ్చి చివర ఈ మెట్టను తాకింది. చివర అన్న మాటలోనే కష్టమంతా ఉంది. పైవాళ్ల అవసరాలు తీరాక మిగిలిందే ఇక్కడికి చేరుతుంది, డ్యామ్ నిండని ఏడు అదీ ఉండదు. 2014 తర్వాత రాష్ట్ర సరిహద్దు కూడా మధ్యలోకి వచ్చింది.

కాలవ రాగానే నేలంతా మాగాణి చేసుకోవాలనే ఆశ సహజం. ప్రాజెక్టు లెక్క కూడా భూమిని మాగాణి, ఆరుతడి అని విడదీసింది. చాలా ఇళ్లు అందిన చోట ఇంటి తిండికి వరి పెట్టుకుని, మిగతా నేలలో తడికీ పొడికీ మధ్య బతికే పంటలకే మొగ్గాయి. నీళ్లు వస్తే దిగుబడి పెరుగుతుంది, రాకపోతే పంట చావదు. పత్తి, మిరప ఆ చోటులోకే వచ్చాయి.

సంకర పత్తిలో మొదటిదైన హెచ్-4 1970లో సూరత్‌లో పుట్టింది. ఆ దారిలో వచ్చిన విత్తనాలు గొర్రుకు లొంగేవి కావు. గింజ ఖరీదు, మొక్క గుబురు. అప్పుడు అచ్చు తోలడం మొదలైంది. పళ్లున్న చట్రాన్ని చేనంతా నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగుతారు. గీతలు కలిసిన ప్రతి చోటా గింజ నాటుతారు. ఈ గళ్ల చేనులో గుంటకను రెండు దిక్కులా తోలొచ్చు, కలుపు కూలీ బాగా తగ్గుతుంది. పాత గుంటక, పాత ఎద్దులు, కొత్త పంట. గీత మాత్రమే కొత్తగా గీశారు. బాగా అచ్చు తోలిన చేను ఏ మూల నుంచి చూసినా వరసలు వంకర పోవు. ఊళ్లో ఆ పేరు తెచ్చుకున్న మనిషిని పొరుగువాళ్లు తమ చేలకు పిలుచుకుపోయేవాళ్లు.

పత్తి లాభం చూపించాక మాత్రం ఈ మెట్టలోనూ చాలామంది కంది సాలును మర్చిపోయారు. జొన్న పోయింది, పెసర పోయింది, గట్టు నుంచి గట్టుదాకా పత్తే. 1997-98లో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగకుండా తెలుగునాట పత్తిని తినేసింది. వరంగల్ ప్రాంతంలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చింది. నాలుగు వందల యాభై గ్రాముల బీటీ గింజలతో పాటు నూట ఇరవై గ్రాముల మామూలు పత్తి గింజలు విడి ప్యాకెట్లో ఇచ్చి, చేను చుట్టూ ఐదు వరసలు వేయమన్నారు. పురుగుకు తట్టుకునే గుణం త్వరగా రాకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీద పారేశారు. తర్వాత కొన్ని ప్యాకెట్లలో ఆ గింజల బదులు కంది గింజలు వచ్చాయి. తాత వదలని కంది సాలు, మనవడి చేతికి విత్తన కంపెనీ సంచిలో తిరిగొచ్చింది.

గులాబీ రంగు పురుగు దగ్గర ఈ ఉపాయం పారదు. దానికి పత్తే ఇల్లు, కంది చుట్టూ ఉన్నా దానికి పట్టదు. దానికి గడువే మందు. మరో రెండు తీతలకు ఆశపడి చేనును వేసవిలోకి లాగకుండా, కొత్త ఏడాది మొదట్లోనే కట్టె తీసేసి పెసరో మొక్కజొన్నో వేసేవాళ్ల చేనులో దాని పరంపర తెగుతుంది. ఎప్పుడు వేయాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఎప్పుడు ఆపాలో తెలిసినవాడే ఈ పంటలో గట్టివాడు.

మిరపలో పని చేనులో సగం, కల్లంలో సగం. కోసిన కాయను ఒకటి రెండు రోజులు కుప్పగా ఉంచితే రంగు సమానంగా తిరుగుతుంది. తర్వాత పలచగా పరిచి తిరగేస్తూ ఆరబెడతారు. సాయంత్రం దగ్గరకు లాగి, మంచు తగలకుండా పట్టా కప్పుతారు. తడి మిగిలితే బూజు పడుతుంది, మరీ ఎండితే తొడిమ ఊడి కాయ పగులుతుంది. గుప్పిట్లో పట్టి ఊపితే వచ్చే గింజల చప్పుడు విని ఆరిందో లేదో చెప్పే పెద్దమ్మలు ప్రతి కల్లంలోనూ ఉంటారు. తెల్లబడిన తాలుకాయ ఏరి, మేలుకాయ టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకు పోతుంది. అక్కడ ధర రైతు చేతిలో ఉండదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతను నాకేసి ఎన్నో తోటల్ని ఎండబెట్టింది. 2025 ఫిబ్రవరిలో ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ఖాయం చేసి ఆదుకోవాల్సి వచ్చింది. ఎకరాలన్నీ మిరప పెట్టిన ఇంటికీ, ఒక చెక్కలోనే పెట్టి చుట్టూ రెండు మూడు వరసలు జొన్న వేసుకున్న ఇంటికీ ఆ రెండేళ్లూ ఒకలా గడవలేదు.

నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు వైపు కూలీలు దొరకని చోట, నీళ్లందని దిబ్బల మీద సుబాబుల్ పెరిగింది. భద్రాచలం దగ్గరి, రాజమండ్రిలోని కాగితం మిల్లులు దాని కొనుగోలుదారులు. ఇందులోనూ నేర్పుంది. మొదటి ఏడాది వరసల మధ్య పెసర వేసుకుంటారు. మూడు నాలుగేళ్లకు నరికేటప్పుడు మోడును నేలకు దగ్గరగా, ఏటవాలుగా, చీలకుండా కోస్తారు. నీళ్లు నిలవవు, చిగుళ్లు బలంగా వస్తాయి. వాటిలో రెండు మూడే ఉంచి మిగతావి తీసేస్తారు. అయినా ఇది అన్ని పంటల్లాంటిది కాదు. లోపలికి వచ్చినంత సులువుగా బయటికి పోదు. మోడు పెకలించాలంటే యంత్రం కావాలి. గింజ రాలి పొరుగు చేనులో మొలుస్తుంది. అందుకే తెలివైన ఇల్లు దాన్ని దిబ్బ మీదికే పంపింది, రేగడిలోకి రానివ్వలేదు.

వీటన్నిటినీ కట్టి ఉంచేది గేదె. జొన్న, మొక్కజొన్న చొప్ప దానికి మేత. దాని ఎరువు మిరప చెక్కకు. పాలు కృష్ణా మిల్క్ యూనియన్ కేంద్రానికి. పత్తి డబ్బు ఏడాదికొకసారి వస్తే పాల డబ్బు నెలలో చాలాసార్లు వస్తుంది, దాంతో ఇల్లు అప్పు లేకుండా సాగుతుంది. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం తొలకరికి ముందే నవధాన్యాలు చల్లమని చెప్పినప్పుడు, ఘనజీవామృతానికి పేడ కావాలన్నప్పుడు, గేదెను అమ్మేయని ఇంటికే ఆ దారి పట్టడం తేలికైంది.

కొత్త విత్తనాన్ని ఈ కుటుంబాలు కొత్త కోడలిని అత్తగారు చూసినట్టు చూస్తాయి, ముందు ఒక మూల కూర్చోబెట్టి గమనిస్తాయి. లాం పరిశోధన కేంద్రం నుంచి ఎల్ఆర్‌జీ-41 కంది వచ్చినా, పక్కనున్న మధిర నుంచి ఎంజీజీ-295 పెసర వచ్చినా, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు చెప్పినా, మొదటి ఏడాది ఒక చెక్కే దానికి. ఇప్పుడు ఎద్దులు తగ్గాయి, గొర్రు అటకెక్కింది. అయినా ఒక్కో సాలుకు ఒక్కో విత్తన పెట్టె ఉన్న ట్రాక్టరు గొర్రు తెచ్చుకున్నవాళ్లు, ఒక పెట్టెలో కంది, మిగతావాటిలో పెసర పోసి పాత లెక్కనే విత్తుతున్నారు.

ఈ పనితనానికి ఇప్పుడు వచ్చిన ముప్పు పురుగుది కాదు, గడువుది. ఈ మెట్టలో సొంతదారులు చాలామంది విజయవాడలోనో హైదరాబాదులోనో స్థిరపడ్డారు. సేద్యం చేసేది కౌలుదారు. 2019 చట్టం ఇచ్చే సాగుదారు హక్కు కార్డుకు గడువు పదకొండు నెలలు, అదీ యజమాని సంతకం పెడితేనే. కంది ఆరు నెలల పంటే గానీ సుబాబుల్ నాలుగేళ్లది, పేడ వేసి బాగుచేసిన రేగడి ఫలితమిచ్చేది అంతకన్నా ఆలస్యంగా. వచ్చే ఏడు ఈ నేల తనదో కాదో తెలియని మనిషి కౌలు డబ్బు తిరిగి రాబట్టే ఒక్క పంటకే పోతాడు, గట్టు నుంచి గట్టుదాకా. అతనికి నేర్పు లేక కాదు, వాడుకునే వ్యవధి లేక. మూడు తరాలు కలిసి నేర్చుకున్న విద్యను నిలబెట్టాలంటే విత్తనం, రుణం, రాయితీలకన్నా ముందు కౌలు రైతుకు ఒక చెక్కను నాలుగైదేళ్లు చూసుకునే హక్కు రావాలి. ఏడు సాళ్ల పక్కన ఎనిమిదో సాలు వేయాలనే ఆలోచన అప్పుడే పుడుతుంది.