ఆయిర్‌స్టెడ్ ఉపన్యాసం – నేటి ప్రదర్శనలు

1820 ఏప్రిల్‌లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో ఆయిర్‌స్టెడ్ ఇచ్చిన ఉపన్యాసం విజ్ఞాన చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైనది. విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర అయస్కాంత సూచి కదలటం శ్రోతల ఎదుటనే కనిపించింది. ఇది కాకతాళీయమని కొందరు వ్రాస్తారు గాని, అది సరికాదు. విద్యుత్తుకూ అయస్కాంతత్వానికీ సంబంధం ఉండితీరునని ఆయన అంతకు ముందే తలచినాడు. సూచి కదలిక స్వల్పం కావటంచేత శ్రోతలు పెద్దగా ఆశ్చర్యపడలేదు. ఆయన జూలైలో మరింత బలమైన బ్యాటరీతో ప్రయోగాలు సాగించి, 21వ తేదీన ఫలితాలను ప్రకటించినాడు.

నేటి విజ్ఞాన ప్రదర్శనలలో ఈ శ్రమ తరచుగా మరుగున పడుతున్నది. మీట నొక్కగానే సూచి తిరుగుతుంది. చూచినవారు చప్పట్లు కొట్టి మరొక బల్ల వద్దకు పోతారు. సూచి ఎందుకు తిరిగిందో అడిగేవారుండరు. తీగను సూచిపై అడ్డంగా పట్టితే అది పక్కకు తిరగకపోవచ్చు. ఉత్తర దక్షిణాలుగా పట్టితే తిరుగుతుంది. ప్రవాహ దిశను మార్చితే ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఉపాధ్యాయుడు ఈ మూడింటినీ వరుసగా చూపి, కారణాన్ని విద్యార్థులచేతనే చెప్పించవలెను. ఇందుకు ఒక బ్యాటరీ, కొంత రాగి తీగ, ఒక దిక్సూచి చాలును.