ఒకే ఒక్క రిపోర్టు

2020 మార్చి 22, ఆదివారం. ఇండియాలో జనతా కర్ఫ్యూ. అదే రోజు ఇక్కడ జర్మనీలో, మా ఇల్మెనౌ ఉన్న ఇల్మ్ జిల్లాలోనే, నోయ్‌ష్టాట్ ఆమ్ రెన్‌ష్టైగ్ అనే ఊరిని ఊరంతా క్వారంటైన్లో పెట్టారు. జనాభా సుమారు 900. రెండు వారాలు రాకపోకలు బంద్. ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా మాటంతా టెస్టుల గురించే. నెగెటివ్ వచ్చినంత మాత్రాన నమ్మకూడదని, మళ్ళీ చేయించాలని చదువురాని వాళ్ళకీ తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే హైదరాబాదులో సీరియళ్ళ షూటింగులు ఆగాయి. జూన్‌లో మళ్ళీ మొదలయ్యేదాకా ఛానళ్ళకి పాత ఎపిసోడ్లే దిక్కు. నేనూ ఆ ఖాళీలో హాట్‌స్టార్‌లో 'కార్తీకదీపం' వెనక్కి వెళ్ళి వరసగా చూశాను. రోజుకో ఎపిసోడ్ చొప్పున చూస్తే కనపడని చిల్లు, ఒక్క బిగిని చూస్తే కనపడుతుంది.

డాక్టర్ బాబు కార్తీక్ గుండె వైద్యుడు. మోనితా డాక్టరే. ఆవిడ తారుమారు చేసిన ఒక్క రిపోర్టు చూసి తనకి పిల్లలు పుట్టరని నమ్మేస్తాడు. దీప కడుపుతో ఉంటే అనుమానిస్తాడు. ఇంకో ల్యాబ్‌కి వెళ్ళడు. డీఎన్‌ఏ టెస్టు గురించి ప్రేక్షకులే ఎన్ని జోకులు వేసుకున్నారో!

సీరియల్‌కి లాజిక్ ఏమిటండీ అంటారు. శకుంతల ఉంగరం సంగతేమిటి అంటారు. నిజమే, ఉంగరానికి రుజువు అడగం. కానీ దుష్యంతుడు మరిచిపోయింది దుర్వాసుడి శాపం వల్ల. కార్తీక్‌కి ఏ శాపమూ లేదు, ఎంబీబీఎస్ ఉంది. సైన్సు పరపతిని అరువు తెచ్చుకుని, ఆ సైన్సు అడిగే రెండో ప్రశ్న మాత్రం వేయనివ్వకపోవడం నాకు నచ్చని విషయం. దాని ఖరీదు కట్టేది దీప. మగవాడి రిపోర్టు ఒక కాగితం. ఆడదాని నిజాయితీకి వందల ఎపిసోడ్ల పరీక్ష. దీపగా ప్రేమి విశ్వనాథ్ అంత నిబ్బరంగా నటించకపోతే ఇది భరించలేం.

అమెరికా వాళ్ళు ఆ ఏడు వేరే దారి పట్టారు. 'గ్రేస్ అనాటమీ' 25 ఎపిసోడ్లు అనుకున్న సీజన్‌ని 21తో ఆపి, నవంబరులో కరోనాతోనే మళ్ళీ మొదలైంది. మెరెడిత్ జబ్బుపడి, కలలో సముద్రతీరాన చనిపోయిన భర్తని కలుస్తుంది. మాస్కులు లేకుండా ఆరుబయట తీయడానికి కుదిరిన చోటు అది. ఇబ్బందిలోంచే సన్నివేశం పుట్టింది. 'ద గుడ్ డాక్టర్' రెండు ఎపిసోడ్లలో కోవిడ్ చూపించి, అది అయిపోయిన కాలానికి దూకేసింది. అదీ ఒక తప్పించుకోవడమే, కానీ చెప్పి తప్పుకుంది.

మన సీరియల్ 2023 జనవరి దాకా నడిచింది.

2020 జులైలో మా అమ్మకి దగ్గు వచ్చింది. టెస్టులో నెగెటివ్ అన్నారు. నమ్మలేదు, ఇంకోచోట చేయించమంది. ఆ రిపోర్టు వచ్చేదాకా గదిలోనే ఉంటానంది. సాయంత్రం ఏడున్నరకి మాత్రం తలుపు సగం తీయించి, హాల్లో టీవీ కనపడేలా కుర్చీ జరుపుకుందట.