విద్యాదాత యెవరు?

1882వ సంవత్సరమున జోతిరావు ఫూలేగారు పూనానుండి హంటరు విద్యావిచారణసంఘమువారికి సమర్పించిన విజ్ఞప్తిని మనవారు తఱచుగా నుదాహరింతురు. సాంతముగా చదివినవారు మాత్ర మరుదు. ఉదాహరించువారును సగమునే యుదాహరింతురు. ఆ సగము సారాంశ మిది: ప్రభుత్వపు రాబడిలో పెద్దపాలు రైతు చెమటోడ్చి కూర్చినది, ఆ ధనముతో నడచు కళాశాలలలో చదువుకొనువారు రైతుబిడ్డలు కారు, పైతరగతులవారు, ఈ వ్యయమునకై వారిచ్చినది స్వల్పము, పొందినది విశేషము. పైవారికి చదువు చెప్పినచో నది మెల్లమెల్లగా క్రిందివారికి దిగునను నాటి పాలకుల నమ్మకమును ఫూలేగారు సూటిగా నెదిరించిరి. పైమడి నిండినపిదప నీరు క్రిందిమడికి పారుట నిజమే. కాని చదువు నీటివంటిది కాదు. చదివిన పైమడివాడు తన గట్టును మఱింత యెత్తుగా వేసికొనగలడు.

ఈ సగమును చేతబట్టి నేడు కొందఱు చేయు వాదము విచిత్రముగా నున్నది. కూలివాని పన్నుతో కలవారి బిడ్డలు చదువుట అన్యాయము గనుక, ప్రభుత్వము కళాశాలలనుండి తొలగవలెననియు, చదువుకొనువాడే తన చదువునకు వెల యిచ్చుకొనవలెననియు వారందురు. విజ్ఞప్తిలోని రెండవసగమును వారు చూడలేదు కాబోలు. ఉన్నతవిద్యనుండి ప్రభుత్వము తొలగినచో విద్యావ్యాప్తి కుంటుపడుననియు, నానామతములుగల యీ దేశమున విద్యాలయములు పాటింపవలసిన నిష్పక్షపాతమునకు ముప్పు వాటిల్లుననియు ఫూలేగారు స్పష్టముగా వ్రాసిరి. పోటీనిబట్టి యిచ్చు విద్యార్థివేతనములు పైకి న్యాయముగా దోచినను, చదువు సోకని కులములకు వానివలన మేలు లేదనియు, కొన్నింటిని అట్టివారికే ప్రత్యేకింపవలెననియు గోరిరి. రైతు వెల చెల్లించుచున్నాడు గనుక కళాశాల తలుపు రైతుబిడ్డకు తెఱవుమనుట వారి తాత్పర్యము. ఆ తలుపు మూయుమనుట కాదు. కళాశాలను మఱియొకనికి కౌలున కిమ్మనుటయు కాదు. ఉన్నతవిద్యను క్రమముగా ప్రైవేటువారి ప్రయత్నములకు వదలవలెనని హంటరు సంఘమువారు సిఫారసు చేసినది వేఱు విషయము.

ఫూలేగారు చూచినది బొంబాయి రాజధానిలోని రైతును. అతడు సర్కారుకే నేరుగా శిస్తు కట్టెడివాడు. మన సర్కారు జిల్లాలలో 1802వ సంవత్సరపు శాశ్వతపరిష్కారము మొదలుకొని రైతునకు ప్రభుత్వమునకు నడుమ జమీందారు నిలిచినాడు. అందుచేత ‘విద్యాదాత’యను మాటకు మన ప్రాంతమున మఱింత మిఱుమిట్లు గలవు. రఘుపతి వేంకటరత్నంనాయుడుగా రధ్యక్షులైయుండిన కాకినాడ కళాశాల పిఠాపురము రాజా సూర్యారావు బహద్దూరువారి ధనముతో వృద్ధి నొందెను. 1926లో వెలసిన ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు జయపురాధీశుడు విక్రమదేవవర్మగా రేటేట లక్ష రూపాయ లిచ్చిరి. వారి యౌదార్యమును తగ్గించుట నా యుద్దేశము గాదు. అంతటి ధనమే చేతబడిన సంస్థానాధిపతులు మఱి యెందఱో దానిని వేటలకును, వ్యాజ్యములకును, బోగముమేళములకును వెచ్చించిరి. అయినను శిలాఫలకముమీద నెక్కిన పేరు రాజుగారిది. ధాన్యము కొలిచి శిస్తు కట్టినవాని పేరు ఏ ఫలకముమీదను లేదు. పేరు లేకపోవుటవలన వచ్చిన నష్టము కీర్తినష్ట మొక్కటియే కాదు. చదువు తన సొమ్ముతోనే నడచుచున్నదని యెఱుగనివాడు తన బిడ్డకు అందులో చోటు హక్కుగా నడుగలేడు, యాచనగా నడుగును.

1948వ సంవత్సరపు మద్రాసు శాసనముతో జమీందారీలు పోయినవి. దాతృత్వపు భాష పోలేదు. అది సర్కారు కచ్చేరీలో కాపురము పెట్టినది. 2008 ప్రాంతమున రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము ఆదాయము తక్కువైన కుటుంబములనుండి వచ్చినవారి కళాశాలఫీజులు తానే చెల్లించు పద్ధతిని విస్తరింపజేసెను. దానివలన ఇంటిలో మొట్టమొదట ఇంజనీరింగు చదివినవారు వేలకొలదిగా గలరు. ఇది కాదనరాని మేలు. ‘రీయింబర్స్‌మెంటు’ అనగా ముందు పెట్టిన ఖర్చును తిరిగి యిచ్చుట. పెట్టలేనివానికై పుట్టిన పథకమున కీ పేరేల వచ్చెనో! తరువాత ఆంధ్రప్రదేశమున దానికి ‘విద్యాదీవెన’ యని పేరిడిరి. దీవించువాడు పెద్ద, దీవెన పొందువాడు వంగినవాడు. కొంతకాలము ఆ ధనమును తల్లుల ఖాతాలలో వేసిరి. పిమ్మట ఆ పద్ధతియు మాఱినది. తల్లి చేతికి సొమ్ము వచ్చుట మంచిదే. కాని తల్లి సొమ్మునే తల్లికిచ్చుచు దీవించుట యెట్టిది?

అది తల్లి సొమ్మే. సబ్బుబిళ్ల కొన్నను, చెప్పులజత కొన్నను ఆమె పన్ను కట్టుచునే యున్నది. ఇంతకన్న చేదైన దింకొకటి గలదు. రాష్ట్రపు బొక్కసమునకు మద్యమువలన వచ్చు రాబడి గొప్పది. నెల్లూరు జిల్లాలోని దూబగుంటలో అక్షరాస్యత తరగతులలో చదువు నేర్చుచున్న స్త్రీలు 1992లో సారాయంగడిని మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట నలముకొనగా 1993లో సారాయి, 1995లో సమస్తమద్యము నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధమును సడలించునపుడు పాలకులు చెప్పిన ప్రధానకారణము రాబడి తఱుగుటయే. అక్షరములు నేర్చిన తల్లి అంగడి మూయించినది. బొక్కసము చాలదని సర్కారు తెఱపించినది. ఆ బొక్కసమునుండియే ఆమె కూతురి ఫీజు వచ్చుచున్నది. కూతురి చదువునకు వెల తండ్రి త్రాగుడుగా, తల్లి కన్నీరుగా చెల్లుచున్న యిండ్లెన్నియో లెక్కించిన ఆర్థికమంత్రి నింకను చూడలేదు.

ఇక ఆదాయపుపన్ను కట్టు మన చదువరులును ఈ లెక్కలో నున్నారు. 2007 మొదలుకొని మాధ్యమిక, ఉన్నతవిద్యలపేర నూటికొక రూపాయి చొప్పున పన్నుమీద సుంకము వేసి కేంద్రప్రభుత్వము దాదాపు పదేండ్లలో 83,000 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసెను. దానికి ప్రత్యేకనిధిని ఏర్పఱుపలేదని జాతీయ లెక్కల తనిఖీ యధికారి 2017లో పార్లమెంటునకు నివేదించెను. మీరు చదువుకని యిచ్చిన రూపాయి చదువునకే చేరెనో లేదో చూపు ఖాతాయే లేదన్నమాట. దానమైనచో దాత యడుగకపోవచ్చును, పన్నైనపుడు అడుగవలదా?

రాష్ట్రపు ఫీజుసొమ్ము విద్యార్థి పేరున బయలుదేఱి ప్రైవేటు కళాశాలకు పోవును. ఈ పథకమువెంట ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు పుట్టగొడుగులవలె లేచినవి. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలోనో ఆచార్యపదవు లేండ్లతరబడి ఖాళీగా పడియున్నవి. తెలంగాణమున చాలకాలము నడచిన నియమ మొకటి చూడుడు: ప్రవేశపరీక్షలో 10,000 లోపల ర్యాంకు వచ్చిన వెనుకబడిన తరగతి విద్యార్థికి ఫీజంతయు సర్కారే యిచ్చును, ర్యాంకు దాటినవానికి 35,000 రూపాయలవఱకే. మిగిలినది ఇంటివా రిచ్చుకొనవలెను. పోటీ వేతనములనుగూర్చి ఫూలేగారు చెప్పిన యాక్షేపణ ఇచ్చట అక్షరాల వర్తించును. శిక్షణకేంద్రమునకు లక్షలు పోయగలవాని కొడుకునకు మంచి ర్యాంకు వచ్చుటలో వింత లేదు. పల్లెబడిలో చదివిన పిల్లకు ర్యాంకు తక్కువ. కావున ఆమె యింటికి భార మెక్కువ.

సర్కారు ధనముతో చదివినవాడు అమెరికాకు పోయి డాలర్లు గడించుచున్నాడు, అతనిచేత నేల కట్టింపరాదు? అని యడుగువారు గలరు. అడుగదగినదే. సంపాదించినవానివద్ద సంపాదించినపిదప పన్నుగా గ్రహింపుడు. అందులకు మార్గములు వెదకుడు. అంతియే కాని వెలను చదువు తలవాకిట పెట్టుట వేఱు సంగతి. అట్లు పెట్టినచో అమెరికాకు పోగలవాడు ఎట్లైనను లోనికి వచ్చును. బాకీతీసియైనను తండ్రి కట్టును. వెలుపల నిలిచిపోవునది యెవరో గృహస్థులకు నేను చెప్పనక్కఱలేదు. అబ్బాయి, అమ్మాయి ఇద్దఱున్న యింటిలో రూపాయలు ఒక్కరికే చాలినపుడు, ఆ ఒక్కరు అమ్మాయి యగుట మన యిండ్లలో నెన్నిమాఱులు జరిగినది? పొలము తాకట్టు పెట్టి కొడుకును చదివించిన తండ్రిని మెచ్చుకొందుము. కూతురికై తాకట్టు పెట్టినవానిని కట్నమున కేమి చేయుదువని అడుగుదుము.

సర్కారునుండి ఫీజుబకాయిలు రాకపోయినపుడు చదువు ముగించిన విద్యార్థుల యసలు ధ్రువపత్రములను కళాశాలలు పట్టియుంచుట రెండు తెలుగు రాష్ట్రములలోను పరిపాటి యైనది. ఇట్లు పట్టియుంచరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2018లోనే శాసించిరి. కళాశాలవానికి జీతము లియ్యవలెను. అతని బాధ యతనిది. సర్కారునకు వేఱు ఖర్చులు గలవు. ఈ యిద్దఱి తగవులో కుదువ పెట్టబడినది మాత్రము ఏ బాకీయు పడని పిల్ల కాగితము. అది బీరువాలో నుండగా ఉద్యోగపు గడువు దాటిపోవుచున్నది. ఇంటివద్ద తండ్రి సంబంధములు చూచుచున్నాడు.