మైలయు పాపమును: లేవీయకాండములోని పరిశుద్ధతా విచారము

లేవీయకాండమును చదువ నారంభించి సగములోనే విడిచిపెట్టినవారిని పలువురిని మేమెరుగుదుము. బలుల విధులు, తినదగిన జంతువుల పట్టికలు, చర్మరోగముల లక్షణములు, పురిటి దినముల లెక్కలు వరుసగా ఎదురగుటచే, ఇది ప్రాచీన ఇశ్రాయేలు యాజకుల ఆచారపు చిట్టాయే గాని నీతిగ్రంథము కాదని వారు తీర్మానించుకొందురు. విడువక చదివినవారిలో సహితము కొందరు, ఆచారభాగము వ్యర్థమనియు, 19వ అధ్యాయములోని నీతివాక్యములు మాత్రమే గ్రాహ్యములనియు చెప్పుదురు. ఈ రెండభిప్రాయములును సరియైనవి కావని మా మనవి. ఆ గ్రంథము మైలకును పాపమునకును గల భేదమును మిక్కిలి శ్రద్ధతో పాటించినది. ఆ భేదమును గుర్తించినప్పుడే దానిలోని పరిశుద్ధత యెట్టిదో బోధపడును.

తోరా యనబడు ఐదు కాండములలో ఇది మూడవది. హీబ్రూ భాషలో మొదటి పదమును బట్టి దీనికి ‘వయిక్రా’ యని పేరు. మొత్తము 27 అధ్యాయములు. 11 మొదలు 15 వరకు శుద్ధాశుద్ధ విధులును, 16వ అధ్యాయములో సంవత్సరమునకొకసారి జరుగు ప్రాయశ్చిత్తదినమును వర్ణింపబడినవి. 17 మొదలు 26 వరకు గల భాగమును పండితులు ‘పరిశుద్ధతా స్మృతి’ యందురు. ఆ పేరు జర్మను పండితుడు క్లోస్టర్‌మాన్ 1877లో పెట్టినది.

మొదట మైల సంగతి చూతము. ప్రసవించిన స్త్రీకి మైల కలదు. దాంపత్యధర్మము నెరపిన భార్యాభర్తలకు సాయంకాలము వరకు మైల కలదు. శవమును తాకినవానికి ఏడు దినముల మైల యని సంఖ్యాకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది. వీనిలో ఏ కార్యము తప్పు? సంతానము కలుగుట ఆ గ్రంథముల దృష్టిలో దైవాశీర్వాదము. తండ్రిని పాతిపెట్టుట కుమారుని విధి. యాజకుడు శవమువలన మైలపడరాదని శాసించిన 21వ అధ్యాయమే, తల్లి, తండ్రి, కుమారుడు, కుమార్తె, సోదరుడు, పెండ్లికాని సోదరి మరణించినచో అతడును మైలపడవచ్చునని అనుమతించినది. ప్రధానయాజకునికి మాత్రమే ఆ అనుమతి లేదు. విధిని నెరవేర్చుటవలన కలిగిన మైల పాపమెట్లగును? జనన మరణముల నంటిన మనుష్యుడు కొంతకాలము ఆలయవస్తువులకు దూరముగా నుండవలెనని దాని భావము. స్నానము, దినముల నిరీక్షణ, కొన్నింటికి బలి, వీనితో అది తొలగిపోవును.

మరియొక విశేషము. ఈ మైల ధనికునకును దరిద్రునకును ఒక్క తీరుననే వచ్చును, ఒక్క తీరుననే పోవును. బాలింతరాలికి గొఱ్ఱెపిల్లను తెచ్చు శక్తి లేనిచో రెండు గువ్వలు చాలును. పుట్టుకచేతనే నిరంతరము మైలపడియుండు వర్గమును ఈ స్మృతి ఇశ్రాయేలీయులలో ఏర్పరుపలేదు. అంటు అను మాటకు మన దేశములో ఎంతటి క్రూరార్థము పట్టినదో ఎరిగినవారు ఈ సంగతిని తేలికగా దాటిపోరాదు.

ఇచట తెలుగు అనువాదమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. హీబ్రూలో ‘కాదోష్’ అనగా దేవునికై ప్రత్యేకింపబడినది. ‘తామే’ అనగా మైలపడినది. తెలుగు బైబిలులో మొదటిది ‘పరిశుద్ధము’, రెండవది ‘అపవిత్రము’ అయినవి. మన వాడుకలో పరిశుద్ధమును పవిత్రమును ఇంచుమించు ఒక్కటే గాన, ‘అపవిత్రము’ అని వినగానే పరిశుద్ధతకు విరుద్ధమైన దోషమేదో స్ఫురించును. అంతకంటె చిక్కు పెట్టునది ‘పాపపరిహారార్థబలి’ యను పదము. 12వ అధ్యాయము ప్రకారము బాలింతరాలు ఈ బలి నర్పింపవలెను. ఆమె చేసిన పాపమేది? మూలములోని ‘హత్తాత్’ అను పదమునకు శుద్ధీకరణబలి యని అర్థము చెప్పుట యుక్తమని జేకబ్ మిల్‌గ్రోమ్ అను యూదు పండితుడు వాదించెను. ఆయన వ్యాఖ్యానము మూడు సంపుటములుగా 1991 మొదలు 2001 వరకు వెలువడినది. ఈ వాదము మాకు సమంజసముగా తోచుచున్నది. మన ఇండ్లలో పురుడు వచ్చిన దినములను పురుడనియే యందుము. పాపమని ఎవరును అనరు. ఆ మాత్రపు వివేకము అనువాదములో కొరవడుటచే మూలమునకు అన్యాయము జరిగినది.

పాపము సంగతి వేరు. 18, 20 అధ్యాయములలో చెప్పిన వావివరుసలు తప్పిన నడత, బిడ్డలను మోలెకునకు అర్పించుట, సంఖ్యాకాండము 35వ అధ్యాయములోని నరహత్య, ఇవియు అపవిత్రపరచునవియే. కాని ఈ అపవిత్రత తాకుటచేత ఒకరినుండి ఒకరికి అంటదు, స్నానముచేత పోదు. అది దేశమునకే పట్టును. అట్టి దేశము తన నివాసులను వెళ్లగ్రక్కునని ఆ స్మృతి హెచ్చరించుచున్నది. ఈ రెండు విధములైన అపవిత్రతల భేదమును జోనతన్ క్లావన్స్ 2000లో ప్రకటించిన గ్రంథమున విశదముగా నిరూపించెను. మరియు హత్తాత్ బలి రక్తమును పాపి దేహమునకు పూయరు, బలిపీఠపు కొమ్ములకు పూయుదురు. తప్పు ఎచట జరిగినను దాని మరక ఆలయమునకు చేరుననుటయే దీని తాత్పర్యమని మిల్‌గ్రోమ్ చెప్పెను.

అట్లయిన పరిశుద్ధత యెచట నున్నది? 19వ అధ్యాయము పరిశుద్ధులు కండను ఆజ్ఞతో మొదలై, పాఠకుని పొలములోనికిని, అంగడిలోనికిని, న్యాయసభలోనికిని తీసికొనిపోవుచున్నది. పొలపు అంచుల పంటను కోయక బీదలకును పరదేశులకును విడువవలెను. చెవిటివానిని తిట్టరాదు; గ్రుడ్డివాని త్రోవలో అడ్డు పెట్టరాదు. తీర్పులో బీదవానియందు పక్షపాతమును గాని, గొప్పవానికి మొగమాటమును గాని చూపరాదు. త్రాసు, తూకపురాళ్లు, ఏఫా యను ధాన్యపు కొలత, హీను అను ద్రవపు కొలత న్యాయమైనవిగా నుండవలెను. పొరుగువానిని ప్రేమింపవలెనను విధికి వెనువెంటనే, రెండు విధముల నూలు కలిసిన వస్త్రము ధరింపరాదను విధి వచ్చును. ఆ శాస్త్రకర్త రెంటిని ఒకే చేతితో వ్రాసినాడు. నీతిని ఆచారమునుండి కత్తిరించి తీసికొనువారు ఈ వరుసను గమనింపవలెను.

ఆ అధ్యాయములోనిదే ఇంకొక విధి కలదు: కూలివాని కూలి తెల్లవారువరకు నీయొద్ద నుండరాదు. ముప్పదియేండ్లకు పైగా జీతపు పట్టీలు వ్రాసిన మాకు ఈ విధి ఊరక చదివి విడుచునది కాదు. మేము పనిచేసిన ఒక చోట, ఒక శనివారము సాయంకాలము దినకూలీల మస్టరు మొత్తములో ఒక అంకె కుదురలేదు. కూర్చుండి వెదకినచో గంటలో తేలెడిదే. ప్రొద్దుపోయినదని పుస్తకము బీరువాలో పెట్టి ఇంటికి పోయితిమి. ఆదివారము తలంటు పోసికొని, ఉతికిన బట్టలు కట్టి, సుఖముగా భోజనము చేసితిమి. సోమవారము కూలి పుచ్చుకొనుచు ఒక వృద్ధురాలు, “నిన్న పొయ్యి రాజెయ్యలేదు బాబూ” అనెను. అందులో నింద లేదు, జరిగినది చెప్పెను. లెక్కలో తప్పు మాదే. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఇదే విధికి కారణము చెప్పబడినది: కూలివాడు బీదవాడు, ఆ కూలిమీదనే ఆశ పెట్టుకొనియుండును. ఆ ఆదివారపు స్నానముతో మాకు పోని మరక యేదో ఆ వాక్యమును చదివినప్పుడు తెలిసినది.

అట్టివానికి ఆ స్మృతి మార్గము చూపకపోలేదు. 6వ అధ్యాయము ప్రకారము, అన్యాయముగా సొమ్ము తీసినవాడు దానిని ఐదవవంతు కలిపి సొంతదారునకు చెల్లింపవలెను. బలి కూడ తేవలెను. సొంతదారుని చేయి ఖాళీగా నుండగా బలి ఒక్కటి చాలదు.

ఇంత చెప్పి లోపములను దాచుట విమర్శ కానేరదు. మగబిడ్డ పుట్టినచో తల్లికి 40 దినములును, ఆడబిడ్డ పుట్టినచో 80 దినములును ఏల? గ్రంథము కారణము చెప్పదు. గ్రుడ్డివానిని గౌరవింపుమన్న స్మృతియే, గ్రుడ్డివాడైన యాజకుని బలిపీఠమునొద్దకు రానీయదు. పరిశుద్ధాహారములో మాత్రము వానికి భాగమిచ్చును. పరదేశిని నిన్నువలె ప్రేమింపుమన్న గ్రంథమే 25వ అధ్యాయములో అన్యజనులను దాసులుగా కొని బిడ్డలకు ఆస్తిగా విడువవచ్చునన్నది. భాష వేరైన ఊళ్లలో తరతరములుగా కాపురముండి, ఇరుగుపొరుగువారి ఆదరముతో బ్రదికిన మనకు, మొదటి వాక్యము ఎంత ఇంపుగా నున్నదో రెండవది అంత బాధాకరముగా నుండును. 20వ అధ్యాయములోని మరణదండనలను నేడెవరును సమర్థింపబోరు.

అయినను మైల వేరు, పాపము వేరు అను మూలసూత్రము ఈ లోపములతో చెడిపోలేదు. క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్దమునాటి ఆమోసు, విశ్రాంతిదినము ఎప్పుడు ముగియునా, చిన్న ఏఫాతో కొలిచి పెద్ద రాతితో తూచి ఎప్పుడమ్ముదుమా యని వేచియున్న వర్తకులను గద్దించెను. వారు ఆచారము తప్పినవారు కారు. ఆచారము ముగియుటకై ఎదురుచూచినవారు. అదే శతాబ్దపు యెషయా కడుగుకొనుడని జనులను పిలిచి, అనాథకును విధవకును న్యాయము చేయుటయే ఆ కడుగుకొనుట యని తెలిపెను. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయము కూలినప్పుడు బలులు నిలిచిపోయినవి. తూకపురాళ్ల విధికిని, కూలి విధికిని ఆలయముతో పనిలేదు గాన అవి నిలిచినవి.

సగములో విడిచిన పాఠకమిత్రులకు మా సూచన యొక్కటే. ఈసారి 19వ అధ్యాయముతో మొదలుపెట్టి, పిమ్మట 11వ అధ్యాయమునకు మరలి రండు. మైలల పట్టిక అప్పుడు మనుష్యులను వెలివేయు జాబితాగా గాక, కడిగినచో పోవునవి యేవో, పోనివి యేవో వేరుచేసి చూపిన లెక్కగా కనబడును.