వేంగి తార్కికుడు, మన ‘అన్యులు’: దిఙ్నాగుని అపోహవాదముపై విమర్శ

క్రీ.శ. 7వ శతాబ్దములో ఆంధ్రదేశమునకు వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్, రాజధానికి నైరుతి దిక్కున ఒక ఒంటరి కొండపై స్తూపమున్నదనియు, దిఙ్నాగుడు అక్కడ తర్కగ్రంథము రచించెననియు వ్రాశాడు. ఆ రాజధాని వేంగి, అనగా ఏలూరు సమీపమందలి నేటి పెదవేగి అని పండితులు అనేకుల అభిప్రాయము.

మన తరగతులలో దిఙ్నాగుడు ఒక్క వాక్యములో ముగిసిపోతాడు: ‘ప్రపంచమంతా మనస్సే అన్న బౌద్ధుడు.’ జ్ఞానమునకు విషయము జ్ఞానములోనే ఉన్నదని ‘ఆలంబన పరీక్ష’లో ఆయన వాదించిన మాట నిజమే. అయితే మనలను నిజముగా ఇబ్బందిపెట్టవలసినది ‘ప్రమాణసముచ్చయము’లోని అపోహవాదము. (వాడుకలో అపోహ అంటే తప్పుడు అభిప్రాయము, ఇక్కడ తొలగించుట అని అర్థము.)

ఆటపాక వద్ద కొల్లేటి నీటిపై గూడబాతును చూస్తాము. కంటికి తగిలినది ఆ ఒక్క పక్షి. అది మాటకు అందదు. ‘గూడబాతు’ అను మాట చేసే పని కొంగ కాదు, బాతు కాదు అని తక్కినవాటిని తొలగించుట మాత్రమే. దీనిపై కుమారిలభట్టు ఆవును ఉదాహరణగా తీసికొని వేసిన ప్రశ్న బలమైనది: ఆవు అంటే ఏమిటో ముందు తెలియకుండా ‘ఆవు కానిది’ ఎట్లు తెలియును? ఒకే పని చేయు వస్తువులను మనము ఒకటిగా ఎంచుకొందుమని ధర్మకీర్తి ఇచ్చిన సమాధానము నా దృష్టిలో సగమే.

అయినను తొలగింపుకు గల బలము కొల్లేటివారికి తెలుసు. 1999లో ఐదవ కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టివేశారు. ‘సరస్సు’ అను మాట ఎక్కడ ఆగుతుందో దానినిబట్టి కుటుంబాల జీవనాధారము నిలిచినది, పోయినది.

మన ప్రసంగాలలో ‘అన్యులు’ అనే మాట కూడ ఇట్టిదే. దిఙ్నాగుడు తన సిద్ధాంతమునకు పెట్టిన పేరే ‘అన్యాపోహ’. పొరుగువాడు ఏమి కాడో ఆ మాట చెబుతుంది, ఎవడో చెప్పదు. వారములో ఆరు దినములు వరుసపెట్టి పిలిచే బాబాయి ఆదివారము పులపీటమీదనుండి అన్యుడైపోతాడు.

నా అభ్యంతరము పిలుపు దగ్గర ఉన్నది. గట్టుమీద నిలిచి, దోనెలోని కొడుకును ‘ఒరేయ్ చిన్నోడా’ అని కేకవేసే తల్లి తక్కిన పిల్లలను తొలగించుచున్నదని దిఙ్నాగుడు అనవచ్చును. ఆమెకు కావలసినది మాత్రము వాడే. వాడు తల త్రిప్పి చూస్తాడు.